మెత్తటి నేల మీది అపార్ట్‌మెంటు భూకంపానికి ఎలా ఊగుతుందో కొలవడం ఎలా?

2024 డిసెంబరు 4 పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బెజవాడలో కూడా ఆ ఊపు తెలిసింది. అప్పటి నుంచి అపార్ట్‌మెంట్ల వాళ్లు అడుగుతున్నది తిప్పితిప్పి ఒకటే ప్రశ్న: "మా బిల్డింగ్ ఊగింది, పక్క వీధిలో వాళ్లకేమీ తెలియలేదంట. మాది బలహీనంగా ఉన్నట్టా?"

ఊగినంత మాత్రాన బలహీనమని కాదు. ఊగకపోతే గట్టిదనీ కాదు. కొలిస్తేనే తెలుస్తుంది. ఆ కొలత భూకంపానికి ముందే మీ దగ్గర ఉండాలి. మామూలప్పటి నంబరు లేనివాళ్లకు భూకంపం తర్వాత తీసిన నంబరు పెద్దగా ఏమీ చెప్పదు.

థియరీ ఈ పనికి సరిపోయేంతే చెబుతాను. ప్రతి భవనమూ సెకనుకు ఇన్నిసార్లు అని తనదైన లెక్కలో ఊగుతుంది. అది దాని ఫ్రీక్వెన్సీ. సెకనుకు ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్. కింద నేలకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. రెండూ దగ్గర పడితే దూరాన వచ్చిన భూకంపం కూడా ఇక్కడ పెద్దదవుతుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో సిటీలో అదే జరిగింది. భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నా, పాత సరస్సు అడుగున ఉన్న బంకమట్టి రెండేసి సెకన్లకు ఒక ఊపు చొప్పున ఊగి, ఆ లెక్కకు దగ్గరపడ్డ ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలను ఎక్కువగా దెబ్బతీసింది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాదులో స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్లు కూలాయి. మన దగ్గర కడుతున్నవీ ఎక్కువగా ఆ రకమే.

భూకంపాన్ని తట్టుకునేలా భవనాలు కట్టడానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1893. ఆ కోడ్ 2016 ముద్రణ ప్రకారం విజయవాడ, గుంటూరు రెండూ మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి, జోన్ గుణకం 0.16. ఆ నంబరు ఊరంతటికీ ఒకటే, నేల మాత్రం ఒకటి కాదు. మొగల్రాజపురం, గుణదల కొండల పాదాల దగ్గర కొద్ది లోతుకే రాయి తగులుతుంది. కృష్ణలంక, రామలింగేశ్వర నగర్ వైపు ఏటి ఒండ్రు, ఇసుక. పక్క వీధి వాళ్లకు తెలియనిది మీకు తెలియడానికి ఈ తేడా ఒక్కటే చాలు.

కావలసినవి

- మూడు దిశల్లో కొలిచే సెన్సర్. రాస్ప్‌బెర్రీ షేక్ కంపెనీ ఆర్ఎస్3డీ లాంటిది సరిపోతుంది. ఒకే నిలువు జియోఫోన్ (నేల సన్న కదలికను పట్టే సెన్సర్) ఉండే ఆర్ఎస్1డీ కొనకండి. మనకు కావలసింది అడ్డ ఊపు, దానికి అది తెలియదు.
- కొనలేకపోతే అద్దెకో అరువుకో ప్రయత్నించండి. కానూరు, వడ్డేశ్వరం, చౌడవరం వైపు ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలను అడగండి. ప్రాజెక్టు కోసం వెతుక్కునే ఫైనలియర్ పిల్లలకు ఇది చక్కగా సరిపోతుంది.
- సొంతంగా తయారు చేసుకునేవాళ్లు ఏడీఎక్స్ఎల్355 చిప్ తీసుకోండి. బజారులో చవగ్గా దొరికే ఎంపీయూ6050 వద్దు. దాని సొంత రొద హెర్ట్జ్ వర్గమూలానికి 400 మైక్రో-జీ (గురుత్వ త్వరణంలో పదిలక్షో వంతు ఒక మైక్రో-జీ), 355ది సుమారు 25. మీ భవనం మామూలు కదలిక ఆ 400 కింద మునిగిపోతుంది.
- రికార్డును గీతలుగా మార్చి చూడడానికి కంప్యూటర్‌లో జియాప్సీ సాఫ్ట్‌వేర్, లేదా పైథాన్‌లో ఆబ్స్‌పై. రెండూ ఉచితమే.
- భవనం కట్టకముందు చేయించిన మట్టి పరీక్ష రిపోర్టు, స్ట్రక్చరల్ డ్రాయింగులు. అసోసియేషన్ బీరువాలో లేకపోతే బిల్డర్‌ను అడగండి.
- రసమట్టం, టేపు, మార్కర్, ఒక నోటుబుక్కు.

ఫోన్ చాలదా అని ఎలాగూ అడుగుతారు. ఫైఫాక్స్ యాప్ మంచిదే, స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కదలిక ఉందో చెప్పే గీత) కూడా చూపిస్తుంది. కానీ ఐదారంతస్తుల భవనం మామూలప్పుడు కదిలే కదలిక ఫోన్ సెన్సర్ రొద కంటే చిన్నది. నమ్మకం లేకపోతే తెల్లవారుజామున ఫోన్‌ను స్టిల్ట్ ఫ్లోర్ నేల మీద పది నిమిషాలు, టెర్రస్ మీద పది నిమిషాలు పెట్టి చూడండి. రెండు గీతలూ ఒకేలా ఉంటే ఫోన్ తన రొదనే కొలుస్తున్నట్టు. ఆండ్రాయిడ్‌లో 2023 నుంచి మన దేశంలో వస్తున్న భూకంప హెచ్చరిక పనికొచ్చేదే. అయితే అది మిమ్మల్ని అప్రమత్తం చేయడానికి, మీ భవనం ఎలా ఊగిందో రాసిపెట్టడానికి కాదు.

చేయవలసిన పని

1. ముందు కాగితం మీద అంచనా వేయండి. ఇటుక గోడలు నింపిన కాంక్రీటు ఫ్రేముకు కోడ్ సూత్రం ఇది: ఎత్తును 0.09తో గుణించి, ఊపు చూస్తున్న దిశలో భవనం కొలత వర్గమూలంతో భాగించాలి. కొలతలన్నీ మీటర్లలో. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, ఎత్తు 18 మీటర్లు, ఒకవైపు 12, ఇంకోవైపు 20 అనుకుందాం. 12 మీటర్ల దిశలో ఒక ఊపుకు 0.47 సెకన్లు, అంటే 2.1 హెర్ట్జ్. 20 మీటర్ల దిశలో 0.36 సెకన్లు, అంటే 2.8 హెర్ట్జ్. కొలిచినప్పుడు అచ్చంగా ఇవే రావు. కానీ అంచనాలో సగానికి తక్కువో రెట్టింపుకు ఎక్కువో వస్తే, ముందు కొలతనే అనుమానించండి.

2. మట్టి రిపోర్టు చదవండి. అందులో లోతు వారీగా ఎన్ విలువలు (గొట్టాన్ని మట్టిలోకి దింపడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క) ఉంటాయి. 10 లోపు మెత్తన, 10 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే గట్టి. నీళ్లు ఎంత లోతులో తగిలాయో కూడా చూడండి. నీటిమట్టం కింద ఇసుక ఉండి, దాని ఎన్ విలువ తక్కువగా ఉంటే అది వేరే ప్రమాదం. గట్టిగా ఊగినప్పుడు అలాంటి ఇసుక నీళ్లలా జారి పునాది కుంగవచ్చు. ఈ గైడ్‌లో చెప్పే ఏ కొలతా దాన్ని పట్టుకోదు. ఆ రిపోర్టు పట్టుకుని జియోటెక్నికల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాల్సిందే.

3. నేల ఫ్రీక్వెన్సీ కొలవండి. భవనానికి కనీసం దాని ఎత్తంత దూరంలో ఖాళీ నేల చూసుకోండి. పటమట సందుల్లో అది దొరకదు కాబట్టి దగ్గర్లోని స్కూలు గ్రౌండో ఖాళీ సైటో అనుమతి అడిగి వాడుకోండి. తెల్లవారుజామున మూడింటికి వైర్లు, డబ్బా పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ముందురోజే ఆ వీధి వాచ్‌మన్‌కు చెప్పి పెట్టండి.

గడ్డి, మెత్తటి పైమట్టి గీకేసి, గట్టి నేల మీద సెన్సర్‌ను మట్టం చేసి పెట్టండి. డ్రైనేజీ పలకల మీద, సంపు మీద, చెట్ల మొదళ్ల దగ్గర వద్దు. 30 నిమిషాలు రికార్డు చేయండి. జియాప్సీలో అడ్డ కదలికను నిలువు కదలికతో భాగించి గీత గీయిస్తే, శిఖరం ఎక్కడ వస్తే అదే నేల ఫ్రీక్వెన్సీ. కాగితం మీద సరిచూడాలంటే మెత్తటి పొరలో అడ్డ తరంగం (నేలను అడ్డంగా ఊపుతూ పోయేది) వేగాన్ని ఆ పొర మందానికి నాలుగు రెట్లతో భాగించండి. వేగం సెకనుకు 200 మీటర్లు, మందం 25 మీటర్లు అయితే 2 హెర్ట్జ్ వస్తుంది. పైన లెక్కేసిన 2.1 పక్కన దీన్ని పెట్టి చూడండి, ఈ పనంతా ఎందుకో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. శిఖరం ఎత్తు 5 ఉంటే నేల కంపనాన్ని ఐదింతలు చేస్తుందని చదువుకుంటారు. కాదు. ఈ పద్ధతిలో శిఖరం ఎక్కడుందన్నదే నమ్మదగింది, ఎత్తు కాదు. శిఖరమే రాకపోతే కంగారు పడకండి. కొండ పాదాల దగ్గర రాయి పైనే ఉన్నప్పుడు అలాగే ఉంటుంది.

4. టెర్రస్ మీద చోటు చూసుకోండి. ఎక్కువ కొలతలు చెడిపోయేది ఇక్కడే. సెన్సర్ పిల్లర్ తల దగ్గర, స్లాబ్ కాంక్రీటు మీద ఉండాలి. పిట్టగోడ మీద పెడితే పిట్టగోడ ఊపు వస్తుంది. స్లాబ్ నడిమధ్యలో పెడితే నిలువు గీతలో స్లాబ్ తన సొంత పాట పాడుతుంది. ట్యాంకు దిమ్మె మీద అసలే వద్దు. టెర్రస్ మీద కూల్ టైల్స్ వేయించి ఉంటే వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల మోగితే ఆ టైల్ స్లాబ్‌ను వదిలేసినట్టే, అక్కడ కొలత పనికిరాదు. చాలా భవనాల్లో మెట్ల గది లోపల, పిల్లర్ పక్కన బేర్ కాంక్రీటు దొరుకుతుంది. గాలి తగలదు కాబట్టి అదే మంచి చోటు.

సెన్సర్ మీది ఉత్తరం గుర్తును దిక్సూచి ఉత్తరానికి తిప్పకండి. భవనం పొడవు గోడకు సమాంతరంగా పెట్టి, ఏ దిశ ఏదో నోటుబుక్కులో బొమ్మ గీయండి. అలా చేయకపోతే రెండు దిశల ఊపులూ కలిసిపోయి, రెండు శిఖరాలు రావలసిన చోట ఒక బండ గుట్ట వస్తుంది. మూడు కాళ్ల చుట్టూ మార్కర్‌తో గీతలు పెట్టండి. ఏడాది తర్వాత కూడా అదే చోట పెట్టాలి మరి.

5. ఆపేయాల్సినవి ఆపేయండి. లిఫ్ట్, బోరు మోటారు, జనరేటర్ సంగతి అందరికీ గుర్తుంటుంది. మరిచిపోయేది పై అంతస్తు సీలింగ్ ఫ్యాన్. నిమిషానికి 330 తిరుగుళ్లంటే 5.5 హెర్ట్జ్. భవనం మెలిక ఊపు (మెలితిరుగుతూ ఊగడం), రెండో ఊపు (మొత్తం ఒకే వైపుకు ఊగే మొదటి ఊపు కాకుండా, పైభాగం ఒక వైపుకు, మధ్యభాగం ఇంకో వైపుకు ఊగడం) ఆ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి ఫ్యాన్‌ను చూసి భవనమనుకునే వీలుంది. తెలుసుకోవడం సులువే. రెగ్యులేటర్ ఒక మెట్టు తగ్గించమనండి, శిఖరం పక్కకు జరిగితే అది ఫ్యానే. మోటార్ల శిఖరాలు సూదిలా సన్నగా ఉంటాయి, భవనం శిఖరానికి కాస్త ఒళ్లుంటుంది. రైలు పట్టాల దగ్గర ఉన్నవాళ్లు, హైవే పక్కనున్నవాళ్లు వాహనం వెళ్లిన సమయాలు రాసుకుని ఆ ముక్కలు తీసేయండి. బెజవాడలో రైలు రాని అరగంట కోసం చూస్తే తెల్లారిపోతుంది.

ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం కూడా రాసుకోండి. పది వేల లీటర్లంటే నెత్తిన పది టన్నులు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వచ్చే ఫ్రీక్వెన్సీకి, ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేదానికి ఇలాంటి భవనంలో ఒక శాతం దాకా తేడా రావచ్చు.

6. రికార్డు చేయండి. సెకనుకు 100 శాంపిళ్ల చొప్పున 30 నిమిషాలు టెర్రస్ మీద, 30 నిమిషాలు స్టిల్ట్ ఫ్లోర్‌లో పిల్లర్ మొదట్లో. రెండు సెన్సర్లుంటే ఒకేసారి తీయండి, అదే మేలు. ఒక్కటే ఉంటే వెంటవెంటనే తీయండి. ఆ సేపు టెర్రస్ మీద ఎవరూ నడవకూడదు, మీరు కూడా.

7. గీత గీయండి. సగటు తీసేసి, 0.3 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఉంచి, వంద సెకన్ల ముక్కలుగా కోసి, స్పెక్ట్రమ్‌ల సగటు తీయండి. ముక్క పది సెకన్లే పెట్టారా, గీతలో మెట్టు 0.1 హెర్ట్జ్ అవుతుంది. 2 హెర్ట్జ్ దగ్గర అది ఐదు శాతం. రేపు మీరు వెతకబోయే మార్పు అంతకంటే చిన్నది కావచ్చు. తర్వాత టెర్రస్ గీతను కింది గీతతో భాగించండి. పైనా కిందా ఒకే ఎత్తులో ఉన్న శిఖరాలు నేలవో రోడ్డువో, భాగిస్తే తగ్గిపోతాయి. నిలిచేవి మీ భవనానివి.

మెత్తటి నేల మీద ఇంకో సంగతి గుర్తుంచుకోండి. భవనం తనంతట తాను వంగి ఊగడమే కాదు, పునాదితో సహా అటూ ఇటూ ఒరుగుతుంది కూడా. అందుకే గట్టి నేల మీది అలాంటి భవనం కంటే మీ ఫ్రీక్వెన్సీ తక్కువ రావచ్చు. ఒరుగుడు ఎంతో చూడాలంటే స్టిల్ట్ ఫ్లోర్‌లో రెండు ఎదురెదురు చివరి పిల్లర్ల మొదట్లో నిలువు కదలిక తీయండి. భవనం ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతుంటే, అది ఒరుగుడే. దీనికి మాత్రం రెండు సెన్సర్లు, ఒకే గడియారం తప్పనిసరి.

8. స్టిల్ట్ ఉన్నవాళ్లు ఈ ఒక్క కొలత వదలకండి. మొదటి అంతస్తు స్లాబ్ దగ్గర, పిల్లర్ పక్కన ఇంకో రికార్డు తీసి, భవనం ఫ్రీక్వెన్సీ దగ్గర అక్కడి కదలికను టెర్రస్ కదలికతో పోల్చండి. ఆరు మట్టాలూ ఒకేలా గట్టిగా ఉన్న ఫ్రేములో మొదటి మట్టం కదలిక టెర్రస్ కదలికలో సుమారు నాలుగోవంతు ఉంటుంది. మీకు 0.6, 0.7 వచ్చిందనుకోండి. ఊపు మొత్తంలో పెద్ద వాటా కార్లు పెట్టే ఆ ఒక్క మట్టంలోనే జరుగుతోందన్నమాట. పైన గోడలతో బిగిసిన ఐదంతస్తులూ ఒక పెట్టెలా కదులుతుంటే, కింద పిల్లర్లు ఒంటరిగా వంగుతున్నాయి. అహ్మదాబాదులో పడిపోయిన చోటు అదే. పునాది ఒరుగుడు ఎక్కువగా ఉన్నా ఈ నిష్పత్తి కొంత పెరుగుతుంది కాబట్టి, ఏడో అడుగులో చెప్పింది చూసుకుని అప్పుడు నిర్ణయానికి రండి. నన్నడిగితే ఈ గైడ్ మొత్తంలో మీ డబ్బుకు, నిద్రకు తగ్గ ఫలితమిచ్చేది ఈ కొలతే. నిష్పత్తి ఎక్కువ వస్తే భూకంపం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఐఎస్ 15988 ప్రకారం పరిశీలించి బలపరిచే స్ట్రక్చరల్ ఇంజనీరును ఇప్పుడే పిలవండి.

9. ఏడాదికి రెండుసార్లు తీయండి. కాలవలు కట్టేసి నేల ఎండిన మే నెలలో ఒకటి, వానలు పడి బందరు కాలవ, రైవస్ కాలవ నిండుగా పారే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకటి. నేలలో నీళ్లు మారితే భవనం నంబరూ మారుతుంది. కాలిఫోర్నియాలో కాల్‌టెక్ వాళ్ల మిల్లికన్ లైబ్రరీని ఏళ్ల తరబడి కొలిచారు. పెద్ద వాన పడినప్పుడు ఒక దిశలో ఫ్రీక్వెన్సీ మూడు శాతం దాకా పెరిగి, మళ్లీ మెల్లగా దిగివచ్చింది. మే నంబరును అక్టోబరు నంబరుతో పోల్చి, భవనం బాగుపడిందనో పాడైందనో అనుకోకండి.

నంబరు సరైందేనా?

మూడు వేర్వేరు రోజుల్లో తీసిన విలువలు రెండు శాతం లోపు కలిస్తే నిశ్చింతగా రాసిపెట్టుకోండి. ఐదు శాతం దాటి చెదిరితే చోటో, గాలో, యంత్రమో ఏదో అడ్డం వస్తోంది. పై అంతస్తుకు పోయేకొద్దీ కదలిక పెరగాలి. మధ్యలో తగ్గి మళ్లీ పెరిగితే మీరు పట్టుకున్నది మొదటి ఊపు కాదు. టెర్రస్ రెండు మూలల్లో విడివిడిగా తీసి చూస్తే మధ్యలో చిన్నగా, మూలల్లో పెద్దగా కనిపించే శిఖరం మెలికది. లిఫ్ట్ గోడ ఒక పక్కన ఉన్న భవనాల్లో ఇది ముందే కనిపించవచ్చు.

సాఫ్ట్‌వేర్ డ్యాంపింగ్ విలువ (ఊపు ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చెప్పేది) కూడా ఇస్తుంది. నేనైతే దాన్ని పట్టించుకోను, అరగంట రికార్డుతో అది నిలకడగా రాదు.

భూకంపం వచ్చాక

ముందు కిందికి దిగండి. కొలతల కోసం టెర్రస్ ఎక్కకండి, వెనక ప్రకంపనలు ఉంటాయి. గ్యాస్ కట్టేసి, బయటి నుంచే స్టిల్ట్ పిల్లర్ల తలలు, మొదళ్లు చూడండి. ఏటవాలు పగులు, కాంక్రీటు ఊడి కమ్మీ కనిపించడం లాంటిది ఒక్క పిల్లర్‌కు ఉన్నా లోపలికి ఎవరూ పోవద్దు. ఇంజనీరు చూసి సరే అన్నాకే సెన్సర్ పని.

అప్పుడు అదే చోట, అవే గీతల్లో పెట్టి, అదే పద్ధతిలో తీసి, ఆ కాలానికి సరిపడే పాత నంబరుతో పోల్చండి. నేను వాడే కొలమానం ఇది. మూడు శాతం లోపు తగ్గితే వాతావరణపు తేడా కావచ్చు. ఐదు నుంచి పది మధ్య తగ్గితే గోడలు పిల్లర్లను వదిలాయేమో ప్రతి ఫ్లాటులో చూడాలి. పది దాటితే స్ట్రక్చరల్ ఇంజనీరు రాకుండా మామూలైపోకూడదు. ఫ్రీక్వెన్సీ పది శాతం తగ్గిందంటే భవనం బిగువు దాదాపు 19 శాతం తగ్గినట్టు లెక్క. నంబరు తగ్గలేదని మాత్రం ధీమా పడకండి. ఒక్క పిల్లర్‌లో తగిలిన దెబ్బ మొత్తం భవనం ఊపులో కనిపించకపోవచ్చు.

భూకంపం జరుగుతుండగా రికార్డు కావాలంటే ఏడాది పొడవునా ఆన్‌లో ఉండే యాక్సిలరోమీటర్లు (త్వరణాన్ని కొలిచే, ఏడీఎక్స్ఎల్355 లాంటి సెన్సర్లు) రెండు కావాలి, ఒకటి స్టిల్ట్ ఫ్లోర్‌లో, ఒకటి టెర్రస్ దగ్గర, చిన్న యూపీఎస్‌తో. జియోఫోన్ సన్న కదలికలకు మంచిది కానీ గట్టిగా ఊగితే దాని గీత పైన తెగిపోతుంది. ఫైల్ వెతికేటప్పుడు ఒక తికమక ఉంది. ఈ పరికరాలు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం రాస్తాయి. ములుగు భూకంపం మన గడియారంలో 7:27, ఫైల్‌లో 1:57. ఐదున్నర గంటలు తీసేయకుండా వెతికి, "మా పరికరం ఏమీ పట్టలేదు" అని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ప్రకటించే సమయంతో సరిచూసుకోండి.

గుంటూరు వాళ్లకు విడిగా

నల్లరేగడి మీద ఇళ్లున్నవాళ్లకు గోడ పగుళ్లే పెద్ద అయోమయం. ఆ నేల ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది. గోడల పగుళ్లు వేసవిలో తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటాయి. భూకంపం మర్నాడు మొదటిసారి గోడ వంక చూసినవాళ్లకు పాతదేదో కొత్తదేదో తెలియదు. కాబట్టి ఇప్పుడే ప్రతి పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తేదీ వేయండి. మధ్యలో వెడల్పు కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. మేలోనూ అక్టోబరులోనూ మళ్లీ చూడండి. కొస గీత దాటి ముందుకు పోయిన పగులు, పిల్లర్‌లోకి దూరిన పగులు ఇంజనీరుకు చూపించాల్సినవి. కిటికీ మూల దగ్గర ఏటా తెరుచుకుని మూసుకునేది రేగడిది. దానికి భూకంపంతో సంబంధం లేదు, పునాది చుట్టూ నీళ్లు నిలవకుండా చూసుకుంటే అది చాలావరకు అదుపులో ఉంటుంది.